తువ్వాలు ఆరేదాకా

నా చిన్నప్పుడు మా కాశీబుగ్గలో ఆదివారం తెల్లవారుతూనే వీధిలో సైకిల్ బెల్లులు వినిపించేవి. పాలవాడివి కావు, పేపరువాడివి కావు. ఊళ్ళో కొంతమంది కలిసి పెట్టుకున్న సైకిల్ క్లబ్బువి. క్లబ్బు అంటే దానికి గదీ లేదు, బోర్డూ లేదు. బస్టాండు దగ్గర టీకొట్టు ముందు చేరడం, ఏదో ఒక ఊరి దాకా తొక్కుకుంటూ వెళ్ళి రావడం, అంతే. మందుల షాపు ఆయన, బ్యాంకులో పనిచేసే ఆయన, ఆసుపత్రి నర్సమ్మ, జీడిపప్పు వ్యాపారం చేసే అన్నదమ్ములు, ఇంకా ఒకరిద్దరు. వీళ్ళందరికీ పెద్ద మా తాతయ్య.

తాతయ్య అంటే మా నానమ్మకు తమ్ముడు. వజ్రపుకొత్తూరు వైపు ఆయనకు జీడి, కొబ్బరి తోటలు ఉండేవి. మిగతా రోజుల్లో మోటారు సైకిల్ మీద వెళ్ళి చూసుకునేవాడు. ఆదివారం మాత్రం నల్లటి పాత సైకిల్ తీసేవాడు. పంచె ఎగ్గట్టి, మెడలో తువ్వాలు వేసుకుని, ఎవరో పిలిస్తే భోజనానికి వెళ్తున్నవాడిలా నింపాదిగా తొక్కేవాడు. గేర్ల సైకిల్ తొక్కుతూ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మోకాళ్ళ పైదాకా లాగు వేసుకునే బ్యాంకు మావయ్యకూ ఆయనకూ ఎప్పుడూ పరాచికాలే.

ఆ క్లబ్బుకు ఒక పద్ధతి ఉండేది. ఎంత వేగంగా వెళ్ళినవాళ్ళైనా సరే, ఆగిన చోట చివరి సైకిల్ వచ్చి స్టాండు వేసేదాకా టీ పోయించుకోకూడదు. టీకొట్టువాడు కూడా గ్లాసులు కడిగి పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చునేవాడు. చివర వచ్చేవాళ్ళ మీద ప్రేమతో పెట్టిన పద్ధతే అది. నాలాంటిదానికి మాత్రం అంతకు మించిన శిక్ష లేదు. అందరి కళ్ళూ ఒక్కసారి మన మీద పడడం కంటే టీ లేకుండా ఉండడమే నయం.

నేను అప్పుడు ఆరో తరగతి. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. ఏం చదువుతున్నావని అడిగితే అమ్మ వైపు చూసేదాన్ని. తాతయ్య ఒకసారి నన్ను తనతో పాటు దగ్గర ఊరి దాకా తీసుకువెళ్ళాడు. ఆ రోజే నాకు సైకిల్ ప్రయాణం మీద మనసు పడింది. నలుగురి మధ్యా ఉండొచ్చు, అయినా మాట్లాడనక్కర్లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే కాస్త గట్టిగా తొక్కి ముందుకు పోవచ్చు. అలాంటి చోటు నాకు అంతకు ముందు ఎక్కడా దొరకలేదు. స్కూల్లో దొరకలేదు, చుట్టాల పెళ్ళిళ్ళలో అసలే దొరకలేదు.

ఆ చలికాలం క్లబ్బు వాళ్ళు సముద్రం దాకా వెళ్దామనుకున్నారు. నేనూ వస్తానన్నాను. నానమ్మ ఒప్పుకోలేదు. రోడ్డు మీద లారీలున్నాయంది, ఆడపిల్ల నల్లబడిపోతుందంది, చివరికి తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నీకంటే పనీ పాటా నేదు. ఈ గుంటని కూడా పట్టుకుపోతావేటి?"

"పోనీ అప్పా, సరదా పడతంది కదేటి. నేను సూసుకుంతాను."

చాలాసేపు సణిగాక నానమ్మ ఒక మాట మీద దిగివచ్చింది. నేను నా సైకిల్ మీదే వెళ్ళి, నా సైకిల్ మీదే తిరిగి రావాలి. తను అన్నం గిన్నె దించే వేళకి గుమ్మంలో ఉండాలి. సైకిల్‌ను ఆటోలో వేసుకుని దిగానో, అన్నం చల్లారాక వచ్చానో, ఆ సైకిల్ అటకెక్కుతుంది, పెళ్ళయ్యేదాకా దిగదు. నానమ్మ అన్న మాట జరిపించే మనిషి. మా ఇంట్లో టీవీ ఆరు నెలలు దుప్పటి కప్పుకుని ఉండడం నేను చూశాను.

ఇంకా చీకటి విడవకముందే బయల్దేరాం. మా ఉద్దానం నీళ్ళంటే కిడ్నీ జబ్బుల భయం అందరికీ ఉన్నదే కాబట్టి ఎవరి సీసాలో ఇంటి నీళ్ళు వాళ్ళవి. జీడి ఫ్యాక్టరీల దగ్గర కాల్చిన తొక్కల వాసన దాటాక తోటలు మొదలయ్యాయి. దారి చల్లగా, ఖాళీగా ఉంది. ఆ రోజు నా కాళ్ళకు ఏమైందో తెలియదు. తొక్కుతుంటే సైకిల్ దానంతట అదే పోతున్నట్టుంది. నర్సమ్మను దాటాను. అన్నదమ్ములిద్దరినీ దాటాను. ఒక చోట బ్యాంకు మావయ్య పక్కకే వచ్చేశాను.

"ఓలమ్మా! బావా, ఈ గుంట రైలింజన్లాగ పోతంది సూడు!" అని ఆయన వెనక్కి తిరిగి అరిచాడు.

"పోనీ పోనీ. ఇంకా తిరిగి ఎల్లాలి కదేటి," అని తాతయ్య కేక వినిపించింది.

ఆ మాట నా చెవికి ఎక్కలేదు. సముద్రం ఒడ్డున టీకొట్టు దగ్గర స్టాండు వేసిన రెండో సైకిల్ నాది. జీవితంలో మొదటిసారి నేను కూర్చుని, వెనక వచ్చేవాళ్ళ కోసం చూశాను. నర్సమ్మ వచ్చి స్టాండు వేశాక టీ పోశారు. ఆ టీ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. నాకు ఇంత బలం ఉందా అనుకున్నాను. స్కూల్లో ఆటల పోటీలకు పేరివ్వాలి అని కూడా అనుకున్నాను. నా అంతట నేను ఎవరికైనా పేరు చెప్పడం అంటే మాటలు కాదు మరి.

పడవలు చూసి, కాళ్ళు తడుపుకుని, బొండాలు తాగి తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. ఊరి చివరి ఇల్లు దాటామో లేదో గాలి ఎదురు కొట్టింది. ఎవరో అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టి ఆపినట్టు ఉంది. నిలబడి తొక్కాను. తల వంచి తొక్కాను. పక్కన గట్టు మీద నడుస్తున్న మేకలు నన్ను దాటి వెళ్ళాయి. వచ్చేటప్పుడు ఎగిరి వచ్చిన దారే అది. ఒక్క పూటలో కొండ ఎక్కడంలా ఎలా అయిందో అర్థం కాలేదు. కాళ్ళు వణికాయి. ఈ లెక్కన ఆటో తప్పదు, సైకిల్ అటక మీదికి పోవడమూ తప్పదు అని తెలిసిపోయింది. దిగి, సైకిల్ మీదికి వంగి ఏడ్చేశాను.

బ్యాంకు మావయ్య ఆగలేదు. ఇంటికి మావగారు వస్తున్నారట. "నాను నెమ్మదిగా పోతుంతాను బావా, మీరు ఎనకాల వొచ్చీయండి," అంటూ గేర్లు మార్చుకుని వంగి దూసుకుపోయాడు. తాతయ్య సైకిల్‌ను వెనక్కి తిప్పి, "నా తువ్వాలు చెమట కంపు కొడతంది. ఉతికీసి ఎల్దాం," అని మళ్ళీ టీకొట్టు దగ్గరికే దారి తీశాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ వెనకే వచ్చారు.

టీకొట్టు వెనక నూతి దగ్గర ఆయన ఆ తువ్వాలు ఉతికిన తీరు చూడాలి. పెళ్ళివారి పట్టుబట్టలు ఉతుకుతున్నంత శ్రద్ధ. ఉతికి, వలలు ఆరేసే వెదురు మీద వేసి, నీడలో ఒక పడవకు చేరగిలబడి కూర్చున్నాడు. తువ్వాలు సముద్రం వైపు రెపరెపలాడుతోంది. నాకు లోపల నానమ్మ పొయ్యి కనిపిస్తోంది. ఎండ ఎక్కుతోంది. లేచి వెళ్ళి తువ్వాలు పట్టుకు చూశాను.

"తాతయ్యా, ఆరిపోయింది."

ఆయన తీరిగ్గా వచ్చి అంచు నలిపి చూశాడు. "ఉప్పు అంటుకుంది," అన్నాడు. మళ్ళీ నూతి దగ్గరికి పట్టుకెళ్ళి మళ్ళీ తడిపాడు.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. నర్సమ్మ పకపకా నవ్వింది. "బాబాయ్, తువ్వాలుకి ఇన్ని తానాలేటి? దానికి పెళ్ళి సంబంధం గాని వొచ్చిందేటి?"

"సూడ్డానికొత్తన్నారు. నువ్వూ ఉండు, పలారం ఎడతారు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నోరు తెరవని పిల్లను, ఆ రోజు కోపం పట్టలేక అనేశాను. "ఈ గాలి పాడుగాలి. దీనివల్లే నా సైకిల్ పోతుంది."

తాతయ్య నా వైపు తిరిగి చూశాడు. ఆయన మొహంలో వేళాకోళం లేదు. "వొచ్చినప్పుడు కూడా ఇదే గాలి కదేటమ్మా. అప్పుడు ఎనకనుంచి తోసింది. దండమెట్నావేటి, ఇప్పుడు తిట్టడానికి?"

నేను తువ్వాలు వైపు చూశాను. అది సముద్రం వైపే ఎగురుతోంది. పొద్దున మేం వచ్చిందీ అటే. అప్పుడు అర్థమైంది. రైలింజన్లాగా పోయింది నేను ఒక్కదాన్నే కాదు. కొండల మీంచి దిగిన గాలి నన్ను ఇక్కడిదాకా ఎత్తుకొచ్చి దింపింది. వెనక ఉన్నంతసేపూ అది ఉన్నట్టే తెలియలేదు. మొహానికి కొట్టాకే కనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అలా ఎంతసేపు కూర్చున్నామో. మెల్లగా తువ్వాలు ఊగడం తగ్గింది. తరవాత వెదురుకు అంటుకుని ఉలుకూ పలుకూ లేకుండా వేలాడింది. కొబ్బరి మట్టలు కూడా కదలడం మానేశాయి. తాతయ్య మాటలు ఆపి దాన్నే చూస్తున్నాడు. కాసేపటికి తువ్వాలు కింది అంచు ఒక్కటి లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఈసారి తోటల వైపు, మా ఊరి వైపు. చూస్తుండగానే మొత్తం తువ్వాలు అటు విచ్చుకుంది.

"లెగండి లెగండి," అంటూ ఆయన దాన్ని లాగి మెడలో వేసుకున్నాడు.

"ఇంకా తడిగానే ఉంది కదా తాతయ్యా!"

"ఆరడానికేసినాననుకున్నావేటి, ఎర్రిదానా? ఎక్కు సైకిలు!"

ఆ తిరుగు ప్రయాణం నేను మరిచిపోలేను. కాళ్ళు నొప్పిగానే ఉన్నాయి, ఎండ మాడ్చేస్తూనే ఉంది. అయినా సముద్రం మా వెనకే లేచి వస్తున్నట్టుంది. ఈసారి నేను ఊరికే తొక్కలేదు. వీపు మీద చొక్కా అతుక్కుని ముందుకు నెట్టడం, చెవుల దగ్గర గాలి చప్పుడు చేయకపోవడం, అన్నీ గమనించుకుంటూ తొక్కాను. సగం దారిలో ఒక బడ్డీకొట్టు దగ్గర బ్యాంకు మావయ్య బెంచీ మీద కాళ్ళు బారజాపుకుని, పిక్కలకు ఎవరో ఇచ్చిన నూనె రాసుకుంటూ కనిపించాడు. మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

"అప్పుడే వొచ్చీసినారేటి బావా?"

"మీ మావగారు ఎల్లిపోయుంతారు. నూనె రాసుకో," అన్నాడు తాతయ్య, ఆగకుండానే. ఆగకుండానే అన్నాడు గాని, కొంచెం ముందుకు పోయి ఆగాడు. ఆయన కూడా వచ్చి కలిసేదాకా అందరం ఆగాం.

కాశీబుగ్గ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పక్కిళ్ళలో భోజనాలై కంచాలు కడుగుతున్న చప్పుడు. ఆటో ఎక్కలేదు సరే, అన్నం వేళ మాత్రం ఎప్పుడో అయిపోయింది. సైకిల్ గోడకు ఆనించి లోపలికి వెళ్ళాను. నానమ్మ వంటింటి గుమ్మంలో చేట పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏటలా నిలబడిపోనావు? కాళ్ళు కడుక్కో. ఎసరింకా మరగనేదు."

నీళ్ళు తాగుదామని లోపలికి వెళ్ళినప్పుడు పొయ్యి మీద గిన్నె కనిపించింది. చెయ్యి తగిలించి చూశాను. చల్లగా ఉంది. పక్కన పళ్ళెంలో బియ్యం ఎప్పుడో కడిగి పెట్టినవి, నీరోడి, మల్లెమొగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. పొయ్యి అసలు వెలిగించనే లేదు. నేను వెనక్కి తిరిగేసరికి నానమ్మ తల ఎత్తకుండా చేటలో లేని రాళ్ళు ఏరుతోంది. ఆవిడ అప్పటికి ఏమీ తినలేదని ఆ రాత్రి అమ్మ చెబితే తెలిసింది. అన్నం గిన్నె దించే వేళ అంది నానమ్మ. ఆ గిన్నె ఎక్కించడం ఆవిడ చేతిలో పని. మాట తప్పలేదు, నన్నూ తప్పనివ్వలేదు.

ఆ సైకిల్ అటకెక్కలేదు. నేను పొడుగయ్యాక దాన్ని మార్చి ఇంకోటి కొన్నారు. ఆ రోజు మేం కూర్చున్న ఒడ్డున కొబ్బరి చెట్లు తరవాత వచ్చిన తుపానులో చాలా పడిపోయాయి. మళ్ళీ నాటినవి ఇప్పుడు మనిషెత్తు దాటాయి. నానమ్మ పోయి కొన్నేళ్ళయింది. తాతయ్యకు మోకాళ్ళు సహకరించవు. అయినా ఆదివారం పొద్దున్నే టీకొట్టు దగ్గర కుర్చీ వేయించుకుని, చివరి సైకిల్ వచ్చేదాకా తనూ టీ ముట్టకుండా కూర్చుంటాడు. బ్యాంకు మావయ్య రిటైరయ్యాడు, లాగు మాత్రం మారలేదు.

నేను ఇప్పుడు టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. నాకు తగ్గ ఉద్యోగమే, ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. అది వచ్చినప్పుడు చుట్టాలందరూ అంతా నీ కష్టమే అన్నారు. కష్టపడ్డాను, నిజమే. కానీ ఎవరైనా ఆ మాట అన్నప్పుడల్లా నా అరచేతికి ఆ చల్లటి గిన్నె తగులుతుంది. ఏ పనైనా ముందుకు సాగక, మొహానికి ఎదురు కొడుతున్నప్పుడు తొందరపడి దాన్ని తిట్టుకోను. ఏదో ఒకటి ఉతికి ఆరేసుకుని కూర్చుంటాను. అది నేర్చుకోవడం అంత కష్టం కాలేదు. అన్నీ తేలిగ్గా సాగిపోతున్న రోజున వెనక్కి తిరిగి చూడడం, అదే ఇప్పటికీ నేర్చుకుంటున్నాను.

పోయిన ఆదివారం మా ఊరు వచ్చి, క్లబ్బు వాళ్ళతో మళ్ళీ సముద్రం వైపే బయల్దేరాను. తోటల మధ్య సైకిల్ దానంతట అదే పోతోంది. అలవాటు ప్రకారం ఒక చెయ్యి హేండిల్ మీంచి తీసి, నుదుటికి ఆనించుకున్నాను. పక్కన తొక్కుతున్న కొత్త అమ్మాయి చూసి, "ఇక్కడ గుడేం లేదు కదక్కా, ఎవరికి దండం?" అని అడిగింది.

గాలికి, అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. కాస్త గట్టిగా తొక్కి ముందుకు పోయాను.