నేను తుడిచేసిన పెన్సిల్ గుర్తు

2014 మార్చిలో, న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఒక ఆర్కైవ్‌లో పాత కాగితాలను బాగుచేసే విభాగంలో సీనియర్ కన్సర్వేటర్‌గా ఉన్నప్పుడు, నా బల్ల మీదికి ఒక బేస్‌బాల్ స్కోరు పుస్తకం వచ్చింది. చాలా ఏళ్ల క్రితం అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెషనల్ జట్టు ఆక్లాండ్ ఆటగాళ్లతో ఆడిన ఆట అందులో ఉంది. స్కోరర్ వారసులు దాన్ని మాకు అప్పగించారు. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. కాగితం ఏ ఆటదైనా కాగితమేనని నా ధీమా.

మా పద్ధతి ప్రకారం ముందు ప్రతి పేజీకీ ఫొటో తీయాలి. ఆ తర్వాతే రబ్బరు పొడితో మట్టి తీయడం, కాస్త తేమ పట్టించి బరువు కింద ముడతలు పోగొట్టడం. ఫొటోల బాధ్యత సుజాతది. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. "సోమవారానికి కెమెరా ఫ్రీ అవుతుంది, అప్పటిదాకా ఆగండి అంకుల్" అంది. పుస్తకం చూడటానికి మంగళవారం ఎవరో వస్తున్నారని నాకు తొందర. ముప్ఫై ఏళ్ల అనుభవం, నాకు ఒకరు చెప్పాలా అన్న పొగరు కూడా. గురువారమే మొదలుపెట్టాను. పేజీ అంతా సిరాతో రాసి ఉంది. ఒక గడిలో మాత్రం బూడిదరంగు మరక. వేలి మురికి అనుకుని తీసేసి, పేజీని బరువు కింద పెట్టాను.

ఆ వచ్చే మనిషి రాసిన ఉత్తరం ఫైల్లోనే ఉంది. సోమవారం గాని చదవలేదు. ఆక్లాండ్ దగ్గర పాపకూర ఊళ్లో ఉండే జాయిస్ అనే ఎనభై ఏళ్ల ఆవిడ రాశారు. ఆ ఆటలో చివరి బంతి వాళ్ల నాన్నను దాటి పోయింది, ఆక్లాండ్ ఓడింది. అది బ్యాటర్ గొప్పతనమా, ఫీల్డర్ తప్పా అన్నది బేస్‌బాల్‌లో స్కోరరే తేల్చి రాయాలి. వాళ్ల నాన్నదే తప్పని స్కోరర్ రాశాడు, పత్రికల్లోనూ వచ్చింది. బంతి రాయికి తగిలి పక్కకు తిరిగిందనీ, స్కోరర్ ఒప్పుకుని పెన్సిల్‌తో దిద్దాడనీ వాళ్ల నాన్న పోయేదాకా చెప్పేవారట. ఇంట్లో ఎవరూ నమ్మలేదు, జాయిస్‌తో సహా. ఆ గడి ఒక్కసారి చూడాలని రాశారు.

వెంటనే పేజీని బరువు కింద నుంచి తీసి సుజాతకు చూపించాను. పెన్సిల్ ఒత్తిడికి కాగితంలో గాడి పడి ఉంటే తెలుస్తుందని సుజాత పక్కనుంచి లైటు వేసి చూసింది. ఏమీ కనబడలేదు.

"ప్రెస్ కూడా చేసేశారు కదా అంకుల్. ఇక గాడి ఏం మిగులుతుంది?" అని లైటు ఆపేసింది.

పెన్సిల్ గుర్తేదీ లేదని చెబితే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ మర్నాడు జాయిస్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఆ గడిని చూసి, తుడిచిన చోట ఏం రాసి ఉండేదని అడిగారు. మురికే అనుకుని చదవలేదన్నాను. చూసినంతవరకూ రాసిమ్మన్నారు. ఆ గడిలో ఒక గుర్తు ఉండేదనీ, దాన్ని నేనే తుడిచాననీ, అది మురికో పెన్సిలో చెప్పలేననీ రాసి సంతకం చేశాను.

"మా నాన్నను నమ్మడానికి ఇది చాలదు. నమ్మకపోవడానికీ చాలదు" అంటూ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

రిటైరయ్యేదాకా ఫొటో లేని పేజీని మళ్లీ ముట్టుకోలేదు. కొత్తగా చేరినవాళ్లకు నా పేరు దాచకుండా ఈ సంగతి చెప్పేవాణ్ని. ఫొటో ఉండి ఉంటే ఆ గుర్తేమిటో అందులో తెలిసేది, తుడిచిన పొరపాటు నా ఒక్కడిదిగా మిగిలేది. లేదు కనుక, వాళ్ల నాన్న మీద పడ్డ తప్పు ఆయన మీదే ఉండిపోయింది.