చప్పిడి కూటి మీద ఐదు కిలోమీటర్లు

గడపలో నిలబడ్డారేం? లోపలికి వచ్చి చాప మీద దగ్గరగా కూర్చోండి. ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు కోపం చల్లారని సంగతి ఇది.

తొంభై ఎనిమిది జూన్. అస్సాం అడవిలోని మా పోస్టుకు సాయంత్రం నాలుగింటికి చేరాను. వాన. మోకాలి లోతు బురద. వీపున సంచి, భుజాన రైఫిల్. బంకర్లో రేడియో ఆపరేటర్ మనవాడే, శ్రీకాకుళం.

"ఏ ఊరు బావా?"

"నర్సీపట్నం."

"అయితే వానకి బెదరవులే. దోమలకి బెదురు."

దోమలు నన్నేమీ చేయలేదు. వాగు నీళ్ళు చేశాయి. ఆగస్టులో పచ్చకామెర్లు. ఆసుపత్రిలో నెల. డెబ్బై కిలోల మనిషిని యాభై రెండయ్యాను. ఆరు వారాల సెలవిచ్చి ఇంటికి పంపారు. తిరిగొచ్చాక పరీక్ష: సంచి, రైఫిల్‌తో ఐదు కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది నిమిషాల్లో. నెగ్గితే పదిమంది ఉండే మా సెక్షన్‌లో ఉంటాను. లేకపోతే వంటశాల.

ఇంట్లో అమ్మ ఏజెన్సీ కొండల నుంచి కామెర్లకి పసరు తెప్పించింది. పత్యం పెట్టింది. ఉప్పు లేదు, నూనె లేదు. చప్పిడి కూడు.

"డాక్టరు ఉప్పు మానమన్లేదే అమ్మా."

"డాక్టరుకేటి తెలుసురా? మీ నాన్నకి కామెర్లొస్తే ఇదే పత్యం ఎట్టినాను. లేసి తిరగనేదా? నోర్మూసుకుని తిను."

హవల్దారు మాట మీద పై అధికారికి చెప్పుకోవచ్చు. అమ్మ మాట మీద ఎవరికి చెప్పుకుంటాం? తిన్నాను.

నాలుగో వారం నుంచి పొద్దున్న ఐదింటికి నాతవరం రోడ్డు మీద పరుగు. మొదటి రోజు రెండు కరెంటు స్తంభాల దూరం. పదో రోజు ఒక కిలోమీటరు. అక్కడితో సరి. పిక్కలు రాళ్ళలా బిగిసిపోయేవి. రోడ్డు పక్కన కూలబడి నా కాళ్ళను నేనే తిట్టుకునేవాణ్ణి. షేర్ ఆటో అతను ఆపి, "ఎక్కండి సార్, మిలట్రీ ఓళ్ళకి ముందు సీటే" అని నవ్వేవాడు. ఒళ్ళు మండిపోయేది.

నవంబరులో పరీక్ష. ఉదయం ఆరు. మంచు. నాలుగో కిలోమీటరు దగ్గర రెండు పిక్కలూ పట్టేశాయి. బోర్లా పడ్డాను. కుంటుతూ చేరేసరికి ముప్పై మూడు నిమిషాలు.

నర్సింగ్ అసిస్టెంట్ నా పిక్క నొక్కుతూ అడిగాడు. "ఇంట్లో ఏం తిన్నావు?"

"ఉప్పు లేని కూడు."

"అది తిని పరుగు పెట్టావా? ఒంట్లో ఉప్పు లేకపోతే పిక్కలు పట్టెయ్యవా? కామెర్లు తగ్గాయి సరే, తెలివి కూడా తగ్గిందా?"

మూడు వారాల గడువిచ్చారు. సెక్షన్ నన్ను వదిలి అడవిలో ఇంకా ముందున్న పోస్టుకు కదిలింది. నేను వంటశాలలో ఉల్లిపాయలు తరిగాను. సాయంత్రం అక్కణ్ణుంచి రేడియోలో మన శ్రీకాకుళం ఆపరేటర్ గొంతు: "బావా, ఇయ్యాల కూరేటి? ఓవర్." ఉప్పేసిన గంజి తాగాను. పరిగెత్తాను. ఇరవై ఏడు నిమిషాల యాభై రెండు సెకన్లు. నెగ్గాను.

ఏడాదికి ఇంటికొచ్చాను. దారి పొడవునా రైల్లో అమ్మను అనవలసిన మాటలన్నీ కూడబెట్టుకున్నాను. గుమ్మంలో చూస్తే అమ్మ సగమైంది.

చెల్లి చెప్పింది. "నువ్వు పరీక్ష తప్పినావని ఉత్తరం రాసినావు కదన్నయ్యా. ఆ రోజు నుంచి అమ్మ ఉప్పు ముట్నేదు. నెగ్గినావని రాసినా ఇన్నేదు. ఆడు నడిసొచ్చి నా ముందర నిలబడాల, అప్పుడే తింటానంది."

సంచి దించి అమ్మ ముందర నిలబడ్డాను. దారంతా కూడబెట్టిన ఆ కోపం ఎవరి మీద పారెయ్యాలో ఇప్పటికీ తెలియదు. అమ్మ కుండలోంచి ఒక ఉప్పుకల్లు తీసి నాలుక మీద పెట్టుకుంది. పుల్లమామిడి కొరికిన చిన్నపిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇన్నేళ్ళైనా ఆ ముఖం నన్ను వదల్లేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట మంచం పట్టినవారు బేగి లేచి నడవాలి. అందరూ రుచిగా, కడుపు నిండా తినాలి.