నాడీన్ చేతికి కుదిరిన పాత రివాల్వర్

నాడీన్ ఇంట్లో పట్టపగలే దొంగ పడ్డాడు. ఆ వేళకు ఆమె బడి వంటశాలలో పిల్లలకు భోజనం వడ్డిస్తోంది. మొగుడు ఓర్విల్ సరుకు లారీ తోలుకుంటూ ఒహాయో నది దాటి ఎక్కడో ఉన్నాడు. దొంగ టీవీ పట్టుకుపోయాడు, ఓర్విల్ డ్రిల్లు మిషన్లు పట్టుకుపోయాడు, తలుపు వెనక చీపురు పక్కన నిలబెట్టిన పొడుగు తుపాకీ కూడా పట్టుకుపోయాడు. ఆ కొండ వాగు పొడుగునా ప్రతి ఇంట్లోనూ తుపాకీ ఉండేది తలుపు వెనకే. తాతల నాటి నుంచి అదే దాని చోటు. దొంగలకు మాత్రం ఆ సంగతి తెలియదా ఏం?

పోయిన వస్తువులకు నాడీన్ ఏడవలేదు. పొయ్యి మీది ఇనప మూకుడులో మిగిలిన మొక్కజొన్న రొట్టెను వాడు ముక్క కోసుకుని, ఆమె కుర్చీలోనే కూర్చుని, మజ్జిగలో నంజుకు తిని, గ్లాసు తీసుకెళ్లి సింకులో పెట్టి మరీ పోయాడు. అది చూశాక ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

"దొంగతనానికొచ్చినోడు దొంగలాగా పోవాలిగానీ, చుట్టంలాగా భోంచేసి పోతాడా వదినా?" అంది ఓర్విల్ అక్క వెర్లీతో. "మళ్లీ రావాలనుకున్నోడే అట్టా కూర్చుంటాడు. పైగా ఇప్పుడు మా తుపాకీ కూడా వాడి దగ్గరే ఉంది."

ఆ రోజు నుంచి ఆమెకు సొంత ఇంట్లో కంటి మీద కునుకు లేదు. మొగుడు వారానికి ఐదు రాత్రులు లారీలోనే పడుకునే మనిషాయె. వెర్లీ ఇంటికి వెళ్లి సోఫాలో ముడుచుకునేది. వెర్లీ గురకకు కిటికీ అద్దాలు అదురుతాయి. అక్కడా నిద్ర లేదు. బడిలో ఒకసారి పాయసంలో పంచదార బదులు ఉప్పు పోసి, ఆఖరి నిమిషంలో పసిగట్టి పారబోసింది. ఇన్నేళ్ల వంటలో అలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు.

శనివారం ఇంటికి వచ్చిన ఓర్విల్ ఆమె మొహం చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇల్లు అమ్మేద్దామే. మనిషి నిద్రపోలేని ఇల్లు ఎందుకు? టౌన్లో అద్దెకుందాం."

ఆ ఇల్లు వాళ్లిద్దరూ కట్టుకున్నది. రంపపు మిల్లులో మిగిలిన పలకలు ఒక్కో జీతానికి కొన్ని తెచ్చి, అతను కొడుతుంటే ఆమె మేకులు అందించింది. అతని సుత్తి ఆమె బొటనవేలి మీద పడిన గుర్తు ఇంకా ఉంది. ఆ వేలితోనే ఆమె బల్ల అంచు గీరుతూ కూర్చుంది.

"నేను తుపాకీ కాల్చడం నేర్చుకుంటా. నెలాఖరు దాకా చూడు. అప్పటికీ పడుకోలేకపోతే నువ్వన్నట్టే అమ్మేద్దాం," అంది. అతను సరేనన్నాడు గాని నమ్మలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ముందు వెర్లీ తన తండ్రి పెద్ద పిస్తోలు తీసుకొచ్చింది. అది పేలాలంటే పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగి వదలాలి. బడి గంగాళాలు ఎత్తీ ఎత్తీ నాడీన్ వేళ్ల కణుపులు బుడిపెలు కట్టి ఉన్నాయి. రెండు చేతులా లాగినా, మోకాళ్ల మధ్య పెట్టి లాగినా అది కదలలేదు.

"జాడీ మూత అనుకున్నావుటే?" అంది వెర్లీ.

"జాడీ అయితే నేలకేసి కొట్టి పచ్చడి తీసుకునేదాన్ని," అంది నాడీన్.

తర్వాత క్లోవిస్ కొట్టుకు వెళ్లింది. చేపల ఎరకు పురుగులు, గొడుగులు, తుపాకులు అన్నీ అమ్మే కొట్టు అది. అక్కడి బెంచీ మీద పొద్దస్తమానం కాఫీ తాగే మగవాళ్లు ఉంటారు. ఏం కొనాలో ఆమె అడగలేదు, అందరూ చెప్పారు. తూటా సైజు తొమ్మిది అన్నాడు ఒకడు, నలభై అయిదుకు తక్కువైతే ఉడతలకే అన్నాడు ఇంకొకడు. ఉచిత సలహాకు ఆ బెంచీ మీద ఏనాడూ కరువు లేదు. క్లోవిస్ మాత్రం ఒక చిన్న రివాల్వర్ తెరిచి, ఖాళీగా ఉందని చూపించి ఆమె చేతిలో పెట్టాడు. లావెండరు రంగు పిడి, అరచేతిలో ఇమిడిపోయింది.

"ఆడవాళ్లంతా ఇదే పట్టుకెళ్తారు నాడీనమ్మా. లాగే పని లేదు, ఈకంత బరువు. గురువారం ఫైర్‌హాల్ వెనక ఆడవాళ్లు కాలుస్తారుగా, పట్టుకెళ్లి చూసుకో. నచ్చితేనే కొను."

గురువారం సాయంత్రం, ఊరి ఫైరింజను ఉండే ఆ ఫైర్‌హాల్ వెనక మట్టికట్టకు కాగితపు ప్లేట్లు వరుసగా కొట్టి ఉన్నాయి. చర్చి విందులో మిగిలినవి. ఆ ఊళ్లో గురి అంటే అదే: పెట్టిన దూరం నుంచి తూటాలన్నీ ప్లేటు లోపల పడాలి. నాడీన్ చప్పుడు ఆపే కప్పులు చెవులకు తగిలించుకుని పేల్చింది. చిన్న రివాల్వర్ పాము కాటేసినట్టు అరచేతిని కొట్టింది. రెండోసారికి బొటనవేలి మొదట్లో తోలు లేచింది. ప్లేటు మాత్రం చక్కగా, తెల్లగా, కేకు వడ్డించుకోవడానికి పనికొచ్చేలా ఉంది.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. నొప్పికి కాదు. ఇల్లు పోయినట్టే అనిపించింది.

గురువారాలు నడిపేది ఇమోజీనమ్మ. జిల్లా జైల్లో ఆడఖైదీలకు కాపలా కాసి రిటైరైన మనిషి, సన్నగా ఎండు చేపలా ఉంటుంది. వచ్చి ఆ బుల్లి రివాల్వర్ తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇదెవరు చెప్పారే నీకు? బెంచీ మీద మగాళ్లేనా?"

"తేలిగ్గా ఉంటుందన్నారు ఇమోజీనమ్మా."

"తేలికదే తంతుంది పిచ్చిదానా! బరువున్నది తన తన్ను తనే మింగుతుంది. రేపు పోయి క్లోవిస్‌ని కింది అరలో పాత పోలీసు రివాల్వర్లు చూపించమను. నడుముకు కట్టే తోలు సంచిలో రాసుకుని పైన నలుపు పోయి ఉంటాయి, ఎవడూ కన్నెత్తి చూడడు. లోపల కొత్తవే. పోలీసులు మొయ్యడమే ఎక్కువ, కాల్చింది తక్కువ. మెత్త తూటాలు కొనుక్కో, మందు తక్కువ పెట్టి గురి కోసం చేస్తారే, అవి. ప్లేటుకు తగిలిన మెత్త తూటా, కొండకు తగిలిన గట్టి తూటా కంటే మేలు."

మర్నాడు చిన్నది వెనక్కిస్తే క్లోవిస్ మొహం కొంచెం చిన్నబుచ్చుకున్నా, కింది అర తెరిచాడు. నాడీన్ మూడింటిని పట్టి చూసింది. మూడోది చేతిలో పడగానే, ఏళ్లుగా వాడిన మూకుడు పిడి పట్టుకున్నట్టు ఒదిగిపోయింది. పైన అక్కడక్కడ తెల్లబడింది, పిడి మీద ఎవరిదో చేతి అరుగుదల. తూటాల చక్రం తెరిచి గొట్టంలోంచి వెలుతురుకేసి చూస్తే లోపల అద్దంలా ఉంది. లావెండరు దానికంటే చవక కూడా. మిగిలిన డబ్బుతో తాళం పడే ఇనప పెట్టె కొంది. తలుపు వెనక పద్ధతికి ఆ ఇంట్లో అంతటితో చెల్లు.

ఆ తర్వాత ఇమోజీనమ్మ అసలు పాఠం మొదలుపెట్టింది. రివాల్వర్‌ను తనే నింపి ఇచ్చేది. కొన్నిట్లో తూటా, కొన్నిట్లో కాలిపోయిన ఖాళీ గుల్ల. ఏది ఎక్కడుందో పేల్చేవాళ్లకు తెలియదు. దెబ్బ గుల్ల మీద పడితే 'టిక్' మంటుంది, అంతే. ఆ క్షణంలో గొట్టం ముక్కు కిందికి వంగిందంటే, చప్పుడు రాకముందే మనిషి భయపడ్డట్టు. మొదటిరోజు నాడీన్ గొట్టం దండం పెట్టినంత పని చేసింది.

"దెబ్బకు ముందే మూలిగితే ఎట్లాగే?" అని ఇమోజీనమ్మ నవ్వింది. "భయపడకు అనను. భయపడితే పడు. వేలొక్కటే కదలాలి. ఇంకో మాట, చూడందే కాల్చకు. ముందు కళ్లు, ఆ తర్వాత నోరు, ఈ ఇనుము అన్నిటికన్నా ఆఖర్న."

కొన్నాళ్లకు 'టిక్' అన్నా గొట్టం కదలడం మానేసింది. ప్లేటులో చిల్లులు పడ్డాయి, తర్వాత దగ్గరదగ్గరగా పడ్డాయి. నాడీన్ ఒక ప్లేటు తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

నెలాఖరు శనివారం ఓర్విల్‌ను ఫైర్‌హాల్ వెనక్కి తీసుకెళ్లింది. ఇమోజీనమ్మ, వెర్లీ కూడా వచ్చారు. ఓర్విల్ రివాల్వర్ చూసి పెదవి విరిచాడు.

"ఏమే, ఇదేంటి? మా తాతయ్య పెళ్లినాటిదా? దీనికి దొంగ బెదురుతాడా?"

"నువ్వు కాల్చి చూపించవయ్యా, చూస్తాం," అంది నాడీన్ మెల్లిగా. ఇమోజీనమ్మ అటు తిరిగి నింపి ఇచ్చింది. ఓర్విల్ కాళ్లు ఎడంగా పెట్టి, ఛాతీ పొంగించి, ఒక కన్ను మూసి నొక్కాడు.

టిక్.

గొట్టం ముక్కు వెళ్లి అతని బూట్ల ముందు గడ్డిని చూసింది. వెర్లీ పకాలున నవ్వింది.

"మా తమ్ముడు వానపాముల్ని కాలుస్తున్నాడే!"

ఓర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతనే నవ్వేశాడు, నవ్వుతూనే రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. నాడీన్ అందుకుని, తన చేత్తో నింపి, నిదానంగా కాల్చింది. అన్నీ ప్లేటులోనే పడ్డాయి. అతను మట్టికట్ట దాకా నడిచి, ఒక్కో చిల్లు మీదా వేలు పెట్టి చూశాడు.

"నాకూ నిద్ర లేదే," అన్నాడు వెనక్కి వచ్చాక, ఆమెకు మాత్రమే వినబడేట్టు. "లారీలో ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటున్నా. ఇల్లు అమ్ముదామన్నది నీ భయం చూసి కాదు. నా భయానికి."

నాడీన్ అతని చొక్కా మీది గడ్డిపరక దులిపింది.

సోమవారం అతను లారీ ఎక్కాడు. ఆ రాత్రి ఆమె సొంత మంచం మీద పడుకుంది. ఇనప పెట్టె పక్క సొరుగులో ఉంది.

తెల్లారేసరికి ఎవరో వీధి తలుపు దబదబా బాదుతున్నారు. నాడీన్ లేచి కూర్చుంది. చెయ్యి సొరుగు దాకా వెళ్లింది. ముందు కళ్లు అనుకుని ఆగి, కిటికీ దగ్గరకు వెళ్లి తెర ఓరగా తీసింది. అరుగు మీద వెర్లీ, రాత్రి గౌను మీద వర్షపు బూట్లు, చేతిలో ఇనప మూకుడు.

తలుపు తీస్తే వెర్లీ ఒక్కసారిగా మీద పడింది.

"బతికే ఉన్నావుటే మొద్దూ! తమ్ముడు రాత్రంతా ఫోన్లు చేశాట్ట, నువ్వు ఎత్తలేదుట! వాడు అక్కడ లారీ తిప్పేసేట్టు ఉన్నాడు!"

నాడీన్ కంగారుగా ఫోను వెతికింది. దిండు కిందే ఉంది, మోగి మోగి అలిసిపోయింది. ఓర్విల్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమైందే? ఎందుకెత్తలేదు?"

"వినబడలేదయ్యా."

"పక్కనే మోగితే వినబడకపోవడమేంటే?"

"నిద్రపోయాను," అంది నాడీన్. ఆ మాట అన్నాక గాని ఆమెకే తెలియలేదు. "ఓర్విల్, నేను నిద్రపోయాను."

అవతల ఎక్కడో లారీలు పోతున్న చప్పుడు. తర్వాత ఓర్విల్ గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

"సరే," అన్నాడు. "అయితే నేనూ కాసేపు పడుకుంటా."

వెర్లీ అప్పటికే తన మూకుడు పొయ్యి మీద పెట్టి, మొక్కజొన్న పిండి ఎక్కడుందని అడుగుతోంది.