చిట్టికి తలంటు

కరోనా తగ్గిన ఏడాది జూన్‌లో నన్ను భీమవరం దగ్గర ఓ పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. హోదా పెరిగినా పని పాతదే: గేదెలకు చూడి పరీక్షలు, టీకాలు, కష్టమైన ఈతలు. కుక్కలు వచ్చేది తక్కువ. వచ్చినవి కూడా నా కంటికి చిన్న సైజు గేదెలే.

ఆ నెలలోనే చర్చి వీధి నుంచి రిటైరైన టీచరు కరుణమ్మ గారు తన కుక్క చిట్టికి టీకా వేయించడానికి వచ్చారు. లాసా ఆప్సో జాతి, వెంట్రుకలు నేల తాకుతున్నాయి. ఒంటరి మనిషి, ఆవిడకు అదే తోడు. "శనివారం శనివారం కొబ్బరినూనె పట్టించి, కుంకుడురసంతో తలంటు పోస్తున్నానండి. పర్లేదాండి?" అని అడిగారు. బయట నాలుగు గేదెలు పరీక్షకు నిలబడి ఉన్నాయి. "శుభ్రంగా పోయండమ్మా, దానికేం!" అని నవ్వేశాను. దువ్వుతున్నారా అని అడగలేదు.

పొడవు జుట్టు కుక్కకు నీళ్లు పోసే ముందు చర్మం దాకా పాయలు పాయలుగా దువ్వి చిక్కు తీయాలి. చిక్కు మీద నీళ్లు పడితే అది కంబళిలా బిగుసుకుపోతుంది. పైన ఆరినా లోపల ఆరదు. నూనె తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఇదంతా నేను చదివి పరీక్ష రాసిందే.

శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. అది వదిలిన రోజే ఆవిడ చిట్టిని కొంగులో చుట్టుకొచ్చారు. "వాసనొస్తోందని ఇంకో రెండుసార్లు పోశానండి. అన్నం ముట్టట్లేదు" అన్నారు. చిక్కుల్లో కత్తెర దూరలేదు, మెషిన్‌తో గొరిగాను. చెవుల వెనక, తోక కింద చర్మం కుళ్లి పురుగులు పట్టాయి. పురుగులు తీసి, మందు పెట్టి, సెలైన్ ఎక్కించాను. అప్పటికే చీము విషం రక్తంలో కలిసింది. మూడో రోజు పొద్దున బల్ల మీదే ప్రాణం పోయింది.

"నా చేతులతో నేనే చంపుకున్నానండి డాక్టరు గారూ" అని ఆవిడ ఏడ్చారు.

"మీరడిగారు, నేనే సరిగా చెప్పలేదు" అనాల్సింది. సిగ్గు అడ్డొచ్చింది. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసమ్మా" అన్నాను. కేసు షీటులో 'పురుగు పట్టిన గాయం' అని రాశాను. అబద్ధమేమీ కాదు.

ఏడాది తర్వాత బజార్లో కనిపిస్తే మరో కుక్కపిల్లను ఇప్పిస్తానన్నాను. "వద్దండి, నాకు పెంచడం చేతకాదండి" అన్నారు. అప్పుడు కూడా చెప్పలేదు. వైద్యుడు ఒప్పుకోని తప్పు ఎక్కడికీ పోదు. అతన్ని నమ్మి వచ్చిన మనిషి నెత్తిన కూర్చుంటుంది.