ఏడో గుర్తు జాగలోనే ఉంది

మధ్యాహ్నం రెండు గంటలకు ట్రక్కు మమ్మల్ని జెట్టీ దగ్గర దింపింది. డిసెంబరు నెల. గాలిలో ఉప్పు, డీజిల్ వాసన. జెట్టీ ఉంది, పడవలున్నాయి, నీళ్లు మాత్రం లేవు. పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగి పడున్నాయి. నాది జహీరాబాద్ పక్కన మొగుడంపల్లి. ఎండిపోయిన బోర్లు ఎన్నో చూశాను. ఎండిపోయిన సముద్రాన్ని చూడడం అదే మొదలు.

"నీళ్లెక్కడికి పోయాయి?" అని అడిగాను.

పడవల హవల్దారు గడియారం చూసుకున్నాడు. "వస్తాయి. నీ పెట్టె పైకి జరుపుకో." మా సరిహద్దు దళంలో మాటలన్నీ హిందీలో నడిచేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను పెట్టె జరపలేదు. సాయంత్రానికి పెట్టెలోని బట్టలన్నీ తడిసిపోయాయి. హవల్దారు నవ్వలేదు. "ఇది చిన్న పోటు. పున్నమికి చూద్దువు" అన్నాడు.

ఆ ప్రాంతం గుజరాత్ పడమటి అంచు. సముద్రం భూమిలోకి పాయలు పాయలుగా చొచ్చుకు వస్తుంది. ఒక పాయ మూతి దగ్గర చిన్న దిబ్బ. దిబ్బ మీద రేకుల షెడ్లు నాలుగు, ఇసుక బస్తాల గోడ, ఒక వైర్‌లెస్ స్తంభం. అదే మా పోస్టు. తాగే నీళ్లు జెట్టీ నుంచి పడవలో రావాలి. జెట్టీకీ దిబ్బకూ మధ్య నీళ్లు విశాలంగా కనిపిస్తాయి గాని పడవ నడిచే లోతు సన్నటి దారిలోనే ఉంటుంది. మిగతాదంతా ఇసుక తిన్నెలు, నడుము దాకా దిగబడే బురద. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పొంగితే పోటు, తగ్గితే ఆటు. ఆటులో దారి తప్పిన పడవ తిన్నెకు తగులుకుంటుంది. మళ్లీ పోటు వచ్చేటప్పుడు నీళ్లు మెల్లగా రావు. అడుగెత్తు గోడలా నురగతో వస్తాయి.

ఆ లోతు దారి అంచున ఎనిమిది గుర్తులు పాతి ఉండేవి. గుర్తు అంటే రెండు మనుషుల లోతున దిగేసిన సరివి మొద్దు, తల మీద రేకు డబ్బా, ఒంటికి ఎర్ర రంగు. పోటు నిండితే కొస మూరెడే పైకి కనిపించేది. జెట్టీ నుంచి బయటికి వచ్చేటప్పుడు గుర్తును ఎడమ చేతికి ఉంచుకుని పోతే లోతు దొరుకుతుంది. మా పడవలే కాదు, చేపల పడవలూ సరుకు పడవలూ వాటిని నమ్ముకునే మూతి దాటేవి. పాయ బయట నీళ్ల మీద తేలే పెద్ద దీపపు బోయా ఒకటి ఉండేది. అది ఓడల కోసం, ఇంకెవరి బాధ్యతో. ఈ ఎనిమిది నా బాధ్యత.

హవల్దారు చెప్పిన పని ఇది. పున్నమికీ అమావాస్యకూ పెద్ద పోటు తిన్నెలను జరుపుతుంది. కాబట్టి ఆ మర్నాడే ప్రతి గుర్తు దగ్గరికీ పోవాలి. సీసపు గుండు కట్టిన తాడు రెండు వైపులా వదిలి లోతు చూడాలి. దారి జరిగితే మొద్దు పీకి కొత్త అంచున పాతాలి.

"గుర్తును చూడకు. నీళ్లను చూడు" అన్నాడు. నేను సరేనన్నాను.

పోస్టులో తెలుగు మాట్లాడేవాడు ఇంకొకడే ఉన్నాడు. ఇంజిన్ల మెకానిక్. ఊరడిగితే చిరాగ్‌పల్లి అన్నాడు. బొంబాయి రోడ్డు మీద వాళ్లన్న పంక్చర్ దుకాణం. నేను ఆ దుకాణంలో ఎన్నోసార్లు గాలి కొట్టించుకున్నాను.

"మనూర్ల మున్నూరు ఫీట్లు తవ్వినా తడి తగల్దన్నా. ఈడేమో మంచం కిందికే వస్తున్నయ్. తాగనీకె సుక్క లేదు" అనేవాడు.

"నీకు ఇంజినుంటె సాలు గద తమ్మీ. నీళ్లెందుకు?"

"ఇంజిన్ గుడ తాగుతదన్నా. నీలెక్క చాయ్ అడగదు, గంతే."

నా కంటే ఆరేళ్లు చిన్న. వాళ్లమ్మ పంపిన జొన్న రొట్టెలు అప్పడాల్లా విరిగిపోయాక కూడా దాచుకుని తినేవాడు. సగం నాకు పెట్టేవాడు.

మొదటి పున్నమికి మూడో గుర్తును పీకించాను. ముగ్గురం, మధ్యాహ్నం దాకా, నడుము లోతు బురదలో. మొద్దు ఊడి వచ్చినప్పుడు నాకు మనసులో ఏదో తప్పు చేసినట్టనిపించింది. మా నాన్న ఒక హద్దురాయి కోసం చిన్నాన్నతో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. రాయి జరిపినోడని మా చిన్నాన్నకు పేరు పడింది, ఆయన పిల్లల పెళ్లి సంబంధాల దాకా వెంటాడింది. పాతిన గుర్తు కదలకూడదు, కదిపినవాడు దొంగ. నేను పెరిగిన లెక్క అది. సముద్రంలో లెక్క వేరే. కదిలే దారి వెంట గుర్తును కదపనివాడే అక్కడ దొంగ. ఈ సంగతి తెలియక కాదు. హవల్దారు చెప్పాడు, నేను చేసి చూశాను కూడా. కాని చలి ఎక్కువైంది, నడుం నొప్పి పట్టింది. పని తప్పించుకోవాలనిపించినప్పుడల్లా నాన్న హద్దురాయి గుర్తొచ్చేది. బద్ధకానికి అదొక మర్యాద గల పేరయింది.

జనవరి పున్నమి వెళ్లిన మర్నాడు, నీళ్లు దిగుతుండగా గుర్తులు చూడటానికి పోయాను. ఆరు గుర్తులూ బాగానే ఉన్నాయి. ఏడోదాని దగ్గరికి చేరేసరికి ఐదు కావస్తోంది. గాలి చెవులు కోస్తోంది. మొద్దు నిటారుగా ఉంది, రంగు మాత్రం వెలిసిపోయింది. కుడి వైపు తాడు వదిలాను. ఒకటిన్నర మనిషి లోతు తగిలింది. ఉండాల్సిన దానికంటే తక్కువే. నీళ్లు ఇంకా సగం దిగలేదన్న సంగతి లెక్కలోకి తీసుకుని ఉంటే ఆ ఒక్క లోతే నాకు అంతా చెప్పేది, ఆటు పూర్తయ్యేసరికి అక్కడ ఇసుకే తేలుతుందని. ఎడమ వైపు తాడు వదలలేదు. వదిలితే మర్నాడు పొద్దున బురదలోకి దిగాల్సి వస్తుందని నాకు లోపల తెలుసు. రంగు డబ్బా తెరిచాను. మొద్దుకు పైనుంచి నీటి అంచు దాకా మందంగా ఎర్ర రంగు పూశాను. దూరానికి బాగా కనపడాలని రెండు పూతలు వేశాను.

వైర్‌లెస్ సెట్లో చెప్పాను. "ఏడో గుర్తు జాగలోనే ఉంది. ఓవర్."

"రెండు వైపులా చూశావా?" హవల్దారు గొంతు.

"చూశాను. ఓవర్."

గుర్తు జాగలోనే ఉన్న మాట నిజం. దారి మాత్రం అక్కడ లేదు.

మర్నాడు పొద్దున పొగమంచు. నీళ్ల పడవ ఆటుతో పాటు జెట్టీ నుంచి బయలుదేరింది. ముందు రోజు దాని ఇంజిన్ దగ్గుతోందని మెకానిక్ జెట్టీకి పోయి, అదే పడవలో తిరిగి వస్తున్నాడు. పడవలో నడిపేవాడు, ఇతను, రెండు వరసల డ్రమ్ములు. ఆరు నలభైకి మెకానిక్ గొంతు సెట్లో వినపడింది.

"అన్నా, ఏడోది కనవడ్డది. మస్తు మెరుస్తున్నది. పెండ్లి పందిరి గుంజ లెక్క చేసినవ్ గదనే."

"ఎడమకు పెట్టుకొని రాండ్రి" అన్నాను.

రెండు నిమిషాలకు మళ్లీ పలికాడు. "తగులుకున్నదన్నా. ఇసుకల వడ్డం."

ఆటు ఇంకా దిగుతోంది. పడవ ఒరిగింది. హవల్దారు సెట్ అందుకుని, పడవలోనే ఉండండి, పోటుకు అదే తేలుతుందన్నాడు. కాని పడవను నడిపే ఫ్యాన్ రెక్కలు బురదలో కూరుకుపోయాయి. తేలినా పడవ నడవదు. మెకానిక్ దిగి తవ్వుతానన్నాడు. పడవ కింద దూరడానికి అడ్డమొస్తోందని లైఫ్ జాకెట్ విప్పాడు. ఆ మాట అతనే చెప్పాడు. వేసుకోమని నేను అనలేదు.

ఎనిమిది దాటాక పోటు మొదటి గోడ వచ్చింది. ఒరిగిన పడవను పక్క నుంచి కొట్టింది. డ్రమ్ములు దొర్లి పడవ బోల్తా పడింది. నడిపేవాడు ఖాళీ డ్రమ్ము పట్టుకుని కొట్టుకుపోయాడు, మధ్యాహ్నం చేపలవాళ్లు బతికుండగానే తీశారు. మెకానిక్ చేతిలో సెట్ మిగిలింది.

"గుర్తు కాడికి పో. లోతు దాని పక్కనే ఉంటది. బోటు ఆడికే వస్తది" అని నేనే చెప్పాను.

హవల్దారూ నేనూ చిన్న బోటు తీశాం. పొగమంచులో బోటు ముక్కు కూడా సరిగా కనిపించడం లేదు. ఆయన లోతు దారి పట్టి నడుపుతున్నాడు. జెట్టీ వైపు పోతున్నాం కాబట్టి కుడి పక్కన ఏడో గుర్తు రావాలి. రాలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వచ్చాం. రాలేదు.

సెట్ పలికింది. "మొద్దెక్కి పట్టుకున్ననన్నా. నడుము దాకొచ్చినయ్. నీ రంగింకా ఎండనే లేదు. చేతులకంత అంటుతున్నది."

"మా ఇంజిన్ వినవడుతుందా?"

"వినవడుతుంది. గని దూరం. నా వెనక దిక్కెల్లి."

అప్పుడు నాకు తెలిసింది. లోతు దారి గుర్తును వదిలి జరిగిపోయింది. మేం దారిలో ఉన్నాం. గుర్తు తిన్నె నడుమ ఉంది. అతను అక్కడ ఉన్నాడు.

ఆ మాట హవల్దారుకు అక్కడికక్కడే చెప్పాలి. చెప్పలేదు. చెబితే, నీకెలా తెలుసు అంటాడు. ఎడమ వైపు తాడు వదలలేదని ఒప్పుకోవాలి. ఈసారి కనిపిస్తుందేమో, ఈ మలుపు తర్వాత కనిపిస్తుందేమో అని చూశాను. ఇంకోసారి దారి పొడవునా పోయి వచ్చాం. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మిగతా గంటలన్నీ గుర్తున్నాయి, అది మాత్రం లేదు.

"ఛాతీ దాకొచ్చినయన్నా. సలి పెడుతున్నది. వేళ్లు పడ్తలేవు."

అప్పుడన్నాను. "దారికి అవతలి పక్కకు తిప్పండి. గుర్తు తిన్నె మీద ఉంది."

హవల్దారు నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు. తిప్పాడు. తిన్నె మీద అలలు విరుగుతున్నాయి. రెండుసార్లు బోటు అడుగు నేలకు తగిలింది. సెట్లో గరగర తప్ప మరేమీ లేదు. మంచు పలచబడ్డాక గుర్తు కనిపించింది. నిటారుగా ఉంది. దాని ఎర్రటి ఒంటి మీద పైనుంచి కిందికి చారలు, వేళ్లు జారిన చారలు.

సాయంత్రపు ఆటులో తిన్నె పక్కన దొరికాడు. రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి. ముందు రక్తమనుకున్నారు. నేను అనుకోలేదు.

విచారణలో ఆఫీసరు నన్ను ఒకటే అడిగాడు. "గుర్తు పాతిన చోటే ఉందా?"

"ఉంది సర్."

పొగమంచు, పెద్ద పోటు అని రాసుకున్నారు. బయటికి వచ్చాక హవల్దారు బీడీ వెలిగించుకుని అన్నాడు, "నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు." తర్వాత నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఒకే దిక్కువాళ్లమని శవం పెట్టె వెంట నన్నే పంపారు. చిరాగ్‌పల్లిలో దుకాణం ముందు టైర్లన్నీ పక్కకు తీసి జాగా చేశారు. పెట్టె మూత తెరిచారు. వాళ్లమ్మ కొడుకు చేయి పట్టుకుని తిప్పి చూసింది. కొంగు తడిపి తుడిచింది. పోలేదు. సబ్బు తెమ్మంది. పోలేదు.

"ఏందిది బిడ్డా, గింత ఎర్రగున్నది?" అని నన్నడిగింది.

"రంగమ్మా. పడవల రంగు. నీళ్లతోని పోదు, పెట్రోల్ కావాలె."

వాళ్లన్న దుకాణంలోంచి సీసాలో పెట్రోల్ తెచ్చాడు. తల దగ్గర వెలుగుతున్న దీపాన్ని ఎవరో జాగ్రత్తగా దూరం జరిపారు. ఆమె గుడ్డ తడిపి ఒక్కో వేలూ తుడిచింది.

నౌకరీ అయిపోయి జహీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను. గేటుకు ఎర్ర రంగు వేద్దామని మా ఆమె అంటే వద్దన్నాను, ఎందుకో చెప్పలేదు. సముద్రం ఎట్లుంటదని అడిగేవాళ్లకు చేపల సంగతి చెప్పేవాణ్ణి. బస్సు చిరాగ్‌పల్లి దాటేటప్పుడు రెండో వైపు కిటికీలోంచి చూసేవాణ్ణి. పోయిన ఎండాకాలం ఒకరోజు అక్కడ బస్సు దిగాను. మెకానిక్ వాళ్లమ్మ దుకాణం నీడలో కూర్చుని కందులు చెరుగుతోంది. ఇక్కడ రాసిందంతా ఆమెకు చెప్పాను. బోటులో నోరు తెరవని ఆ సేపు కూడా చెప్పాను.

ఆమె చేట ఆపలేదు. చెరుగుతూనే అంది. "పెట్రోల్ పెట్టుమని చెప్పినవ్ గద గా దినం. గా నోటితోనే గిది గుడ చెప్పకపోతివా."

నేను లేచాను.

"మల్ల రాకు బిడ్డా" అంది. గొంతు పెంచలేదు. నేను మళ్లీ పోలేదు.

కళ్లు మూస్తే నాకు సముద్రం కనపడదు. దూరం జరిపిన దీపం కనిపిస్తుంది. ఆ మసక వెలుతురులో ఆమె ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని తుడుస్తూ ఉంటుంది. వేళ్లు తెల్లబడతాయి, అరచెయ్యి తెల్లబడుతుంది. గీతల్లో మాత్రం ఎరుపు అట్లాగే ఉంటుంది. ఆమె గుడ్డ మడత మార్చి మళ్లీ తుడుస్తుంది.