ఇల్లేమన్నా నడుస్తుందా

మా వదినకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. నాకు మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా వస్తుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

వైరు లేకుండా ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో ఆవిడ ఉద్యోగం. డాబా మీద ఒక తెల్ల పెట్టె బిగిస్తారు, అది దగ్గర్లోని టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది. ఆ టవర్ బలహీనపడితే ఇంటిని పక్క టవర్ చేతిలో పెట్టాలి. ఏ ఇల్లు ఎప్పుడు చేతులు మారాలో చెప్పే నియమాలు చూసుకోవడం ఆవిడ పని. పెళ్లయిన కొత్తలో అడిగాను, ఏం చేస్తుంటావు వదినా అని.

"ఇళ్లని టవర్లకి అప్పగిస్తుంటాను."

"మరి ఏడుపులో?"

"అవి కస్టమర్ కేర్‌కి వెళ్తాయి."

ఆ ఏడుపులు విని విని, ఆ సీటు నుంచే పైకొచ్చిన మనిషి. మా అన్నయ్యకు చిన్నప్పుడు జ్వరంలో వినికిడి పోయింది. వదిన పెళ్లి కుదిరాక పంతం పట్టి సైగలు నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే వేగంగా పోట్లాడుతుంది. వాదన తనవైపు తేలకపోతే చటుక్కున లైటు ఆపేస్తుంది. చీకట్లో అన్నయ్య చేతులు ఎంత తిప్పినా ఏం లాభం?

అన్నయ్య ఇంట్లోంచే, కంప్యూటర్ ముందు కూర్చుని, దూరాన ఉన్న ఒక బడిలో వినికిడి లేని పిల్లలకు లెక్కలు చెబుతాడు. ఎన్నో చోట్ల కాదనిపించుకున్నాక దొరికిన పని అది. మా ఖర్మకొద్దీ మా ఇల్లు సరిగ్గా రెండు టవర్ల మధ్య ఉంది. ఎదురుగా చెట్టు కొమ్మ ఊగితే ఒక టవర్ సిగ్నల్ కాస్త తగ్గుతుంది, పెట్టె రెండోదానికి దూకుతుంది. కొమ్మ కుదుటపడగానే వెనక్కి దూకుతుంది. దూకిన ప్రతిసారీ తెర మీద బొమ్మ ఆగిపోతుంది. సినిమా చూసేవాడికి అది చిన్న విసుగు. సైగ సగంలో ఆగితే మాత్రం పాఠమే మారిపోతుంది, ఏడు చూపించబోయిన చెయ్యి ఇంకేదో అంకె అయి కూర్చుంటుంది.

పిల్లలు పిల్లలే కదా. అన్నయ్య ఆగిపోయినప్పుడల్లా వాళ్లూ చేతులు గాల్లో పెట్టి బిగుసుకుపోవడం ఆట చేసుకున్నారు. ఆయనకు సైగల్లోనే పేరు పెట్టారు, బొమ్మ మాస్టారని. మొదట్లో అన్నయ్యే ఆ సైగ మాకు చేసి చూపించి పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా బడి నుంచి కబురొచ్చింది. గురువారం పెద్దలు వచ్చి పాఠం చూస్తారట, ఆరోజు కూడా బొమ్మ ఆగితే వేరే మాస్టారిని పెట్టుకుంటారట.

నేను వంటింట్లోకి వెళ్లి వదిన మీద విరుచుకుపడ్డాను.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ వరస! మన పెట్టెని ఒక్క టవర్‌కే కట్టేయలేవా?"

"కట్టేయొచ్చు."

"మరి కట్టెయ్యవేం?"

"ఈ వరసలో ఇళ్లన్నీ ఇలాగే ఊగుతున్నాయి. మనదొక్కటీ కట్టేసుకుని కూర్చోనా?"

"నీ మొగుడి పని పోతుంటే ఊళ్లోవాళ్ల ఇళ్లు నీకెందుకు?"

ఆవిడ గ్లాసు కడగడం ఆపింది. గొంతు బాగా తగ్గింది.

"ఫోన్ల కోసం రాసిన రూలు తెచ్చి ఇళ్లకి పెట్టారు. ఫోను జేబులో పెట్టుకుని మనిషి బస్సెక్కుతాడు, వెంటనే టవర్ మార్చాలి. ఇల్లేమన్నా నడుస్తుందా? పక్క టవర్ బాగా మెరుగ్గా ఉండి, కాసేపు అలాగే ఉంటేనే మారమనాలి. ఆ చిన్న మార్పు చెయ్యనివ్వమని మేనేజర్‌ని నెలల తరబడి అడుగుతున్నా."

ఆయన ఎందుకు ఒప్పుకోవడం లేదో విన్నాక నా కోపం వదిన మీద నుంచి దిగి దారి మళ్లింది. పెట్టె ఒక టవర్ నుంచి ఇంకోదానికి క్షేమంగా దూకితే కంపెనీ లెక్కలో అదొక విజయమట. ఎన్ని దూకితే అన్ని విజయాలు, ఆ అంకెలు చూపించే మేనేజర్ పైకెళ్తాడట. అంటే మా అన్నయ్య చెయ్యి గాల్లో బిగుసుకుపోయిన ప్రతిసారీ అక్కడ ఒక పెద్దమనిషి గెలుస్తున్నాడు! ఒళ్లు మండిపోయింది నాకు.

గురువారం పొద్దున వదిన మళ్లీ అడిగింది. అక్కడ జరిగింది తర్వాత తనే చెప్పింది.

"మీ ఇంటి గొడవ ఆఫీసుకి తేకండి మేడమ్," అన్నాడట మేనేజర్.

"మా ఇంటిదే కాదు సార్. రెండు టవర్ల మధ్య ఉన్న ప్రతి ఇంటిదీ."

"అంకెలు పడిపోతే పైవాళ్లకి ఎవరు చెప్తారు, మీరా?"

"నేనే చెప్తాను."

ఆయన నవ్వాడట. వదిన తన సీటుకు వెళ్లి, తన పేరు మీదే, ఆ వరసలో ఇళ్లన్నిటికీ రూలు మార్చేసింది. కారణం రాయాల్సిన చోట 'ఇళ్లు నడవవు' అని రాసింది. లేచి వెళ్లి, "మార్చాను సార్," అని చెప్పింది.

ఆ వేళకి ఇంటి దగ్గర గాలి కొమ్మల్ని ఊపేస్తోంది. నేను అన్నయ్య గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చేతులు తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద ఒక పిల్ల ఆట కోసం చెయ్యి పైకెత్తి కాచుకుని కూర్చుంది. మాస్టారు ఎంతకీ ఆగకపోయేసరికి విసిగి చెయ్యి దించి లెక్క చేసుకోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటకముందే వదిన ఇంటికొచ్చింది. చేతిలో మూత తియ్యని అన్నం డబ్బా, ఏసీ గదిలో కప్పుకునే శాలువా.

"నన్ను తీసేశారు," అంది.

"మరి ఆ రూలు?"

"దాన్ని ఉంచుకున్నారు. పొద్దుట్నుంచే ఫిర్యాదు ఫోన్లు తగ్గాయని పైవాళ్లు మెచ్చుకున్నారట. తన ఆలోచనేనని చెప్పుకున్నాడట ఆయన."

సిగ్గూ శరం లేని మనుషులు! వీధిలోకి వినపడేలా తిట్టాను. వదిన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, అన్నయ్యకు వినపడదని గుర్తొచ్చి ఆగిపోయింది.

అన్నయ్య గదిలోంచి ఒక్క ఉదుటున వచ్చాడు. నన్ను ఉంచుకున్నారు, అని సైగ చేశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు, పెద్దలు చేతులు పైకెత్తి ఊపుతూ సైగల్లోనే చప్పట్లు కొట్టారు, అన్నాడు. వదిన ఎందుకు ముందే వచ్చిందో అడగాలని కూడా తోచలేదు ఆ సంతోషంలో. పొద్దున మేనేజర్‌ని అడుగుతానని వదిన చెప్పి వెళ్లింది కదా, ఆ మాట పట్టుకున్నాడు.

మీ మేనేజర్ మంచివాడు, నీ మాట విన్నాడు, అన్నాడు వేళ్లతో. రేపు వెళ్లగానే నా తరఫున థాంక్స్ చెప్పు.

నేను తల అడ్డంగా ఊపబోయాను. వదిన నా వైపు ఒక్క చూపు చూసి, డబ్బా, శాలువా నా చేతుల్లో పెట్టేసింది. ఖాళీ అయిన రెండు చేతులూ పైకెత్తి, తప్పకుండా చెప్తాను, అంది.