విశాఖలో చదివిన అమ్మాయి

మా పెదనాన్న పోయాడని కిందటి నెల రాయగడ నుంచి ఫోను వచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ పని మీరు చేసుకోండి, నాకు చేతకాదు. ఆయన మీద కోపం ఆయనతో పాటు కాలిపోలేదు.

నాన్న చిన్నప్పుడే పోతే అమ్మనీ నన్నూ చేరదీసింది ఆయనే. ఆ రుణం కాదనను. కానీ ఏం నోరండీ అది! అన్నం పెడుతూ తిట్టేవాడు, జ్వరమొస్తే తిట్టేవాడు, ఫస్టు క్లాసొస్తే "ఏటి, ఊరంతా టముకెయ్యాలా?" అని తిట్టేవాడు. బజారులో ఆయనది చింతపండు, బెల్లం హోల్‌సేల్ కొట్టు. లారీ వచ్చిందంటే షట్టరు సగం దించేసేవాడు. సరుకు లోపల పడేదాకా ఎవరడిగినా "ఏటీ రాలేదు" అనేవాడు. "నరుడి కంటికి నల్లరాళ్లయినా పగుల్తాయి" అన్నది ఆయనకు వేదం.

మా ఒడిశా కొట్పాడ్ నేతబట్టల రంగులు చూసి పెరిగిన నాకు ఇంగ్లండులో అద్దకం రంగుల చదువుకి సీటొచ్చింది. వద్దంటాడనుకున్నాను. అనలేదు. "ఎల్లు. ఊల్లో మాత్రం ఇశాక అని సెప్పు" అన్నాడు. నేను చెప్పనన్నాను. ఆయనే చెప్పుకున్నాడు.

అక్కడ చలిలో ఫోను బూత్ ముందు నిలబడి, ఫోను కార్డు గీకి, కొట్టుకి ఫోను చేస్తే, బేరాలకొచ్చినవాళ్లకి వినబడేలా అరిచేవాడు: "ఆఁ, అమ్మీ! ఇశాకలో ఎండలెలాగున్నాయి?" బయట మంచు కురుస్తుంటే ఏం చెప్పను? "మాడిపోతున్నాను పెదనాన్నా" అని పెట్టేసేదాన్ని.

సెలవులకు వస్తే వీధి వీధంతా విశాఖ హాస్టల్లో కూడెలా ఉంటుందని అడిగేది. పట్టా తీసుకుని వచ్చిన రోజున కూడా అదే ప్రశ్న. ఆడపిల్లని ఒంటరిగా దేశం దాటించానని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు, అంతే అనుకున్నాను. ఒక్క మనిషి ముందైనా ఆయన చేత "మా అమ్మి ఇంగ్లండులో సదివింది" అనిపించుకోవాలని ఎంత ఏడ్చానో మీకు తెలీదు. సిగ్గు విడిచి అడిగాను కూడా. "నోర్ముయ్యి. దిష్టి తగుల్తాది" అన్నాడు.

పెద్దకర్మ భోజనాల్లో మజ్జిగ వడ్డిస్తున్నాను. మా పక్క కొట్టు బట్టల వ్యాపారి విస్తరి ముందు నుంచి తలెత్తి, "ఇశాక సదువు అక్కరకొచ్చిందా అమ్మీ?" అన్నాడు. ఇక నావల్ల కాలేదు.

"నేను చదివింది ఇంగ్లండులోనండీ! ఆయన మీ అందరికీ అబద్ధం చెప్పాడు!" అని బంతంతా వినేలా అరిచేశాను.

బట్టల వ్యాపారి కంగారుగా అటూ ఇటూ చూశాడు. "నెమ్మదమ్మీ! నాకు తెల్సు. నువ్వు ఇమానం ఎక్కిన్నాడే మీ పెదనాన్న సెప్పేడు. ఎవరితోనీ అననని నా కొడుకు మీద ఒట్టేయించుకున్నాడు."

"నీకూ సెప్పేడేటి?" అన్నాడు పక్క విస్తరి ముందున్న కిళ్లీ కొట్టాయన. "నాకొక్కడికే సెప్పేనన్నాడు గదా!"

"ఓలమ్మా, నాకూ అంతే!" అని ఎదురు బంతిలోంచి ఒకావిడ. వెనక నుంచి ఇంకెవరో. చేతులు విస్తళ్లలోనే ఆపి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత నవ్వులు మొదలయ్యాయి.

ఊరందరికీ ఒట్లు వేయించి మరీ చెప్పుకున్నవాడికి ఆ సంగతి నాకు ఒక్కదానికి చెప్పడానికి నోరు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. గరిట మీద గరిట మజ్జిగ పోస్తూనే ఉన్నాను. బట్టలాయన విస్తరి నిండి, ఆకు అంచు దాటి నేలమీదకు పారుతోంది. చాలు అని ఎవరూ అనలేదు.